మొహమాటానికి రెండు స్ట్రోకులు

(తిరుపతిలో గోల్ఫ్ ఆడే మిత్రుల సమావేశంలో ఒక విశ్రాంత న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

నేను చిత్తూరు కోర్టుల్లో ముప్పయ్యేళ్ల పైచిలుకు సివిలు దావాలు నడిపినవాణ్ని. గట్టు తగాదాలు, దారి తగాదాలు, బావి నీళ్ల వంతుల తగాదాలు చూసీ చూసీ విసిగి, నలభై దాటాక బెంగళూరులో ఒక మిత్రుడి వెంటపడి గోల్ఫ్ నేర్చుకున్నప్పుడు, ఇక్కడైనా తగాదా లేని పచ్చిక దొరికిందని సంబరపడ్డాను. ఆ భ్రమ మూడో ఆదివారానికే తీరిపోయింది. తరువాత ఒక క్లబ్బులో, పేరు మనకు అనవసరం, కొన్నేళ్లపాటు పోటీల కమిటీలో కూర్చుని ఫిర్యాదులు విన్నాను. అయితే మీరు నన్ను ఈ రోజు పిలిచింది ఆ అనుభవాన్ని చూసి కాదనీ, రెండు వారాల కిందట తెల్లవారుజామున ఒకే కారులో చెన్నైకి వెళ్లిన నలుగురిలో ఇద్దరు తిరుగు ప్రయాణంలో వేరువేరు బస్సుల్లో తిరుపతి చేరారన్న వార్త వల్లనేననీ నాకు తెలుసు. ఆ కేసుకు చివర్లో వస్తాను. వాయిదా వేయడం నా వృత్తిలో అలవాటే కదా.

మన పల్లెల్లో గుడి మండపాల బండల మీద పులిజూదం గీతలు చెక్కి ఉండడం మీరందరూ చూసే ఉంటారు. అక్కడ ఆడేది ఇద్దరే అయినా చుట్టూ పదిమంది ఉంటారు, మేక ఒక్క గడి తప్పు జరిగితే మండపమంతా ఒక్కసారిగా అరుస్తుంది. క్రికెట్‌లో అంపైరు ఉంటాడు. గోల్ఫ్‌లో మాత్రం నలుగురు కలిసి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర బయల్దేరి, మొదటి దెబ్బ కొట్టగానే నాలుగు దిక్కులకు చెదిరిపోతారు. కుడిపక్క చెట్లలోకి పోయినవాడికీ అతని బంతికీ మధ్య ఏం జరిగిందో మిగిలిన ముగ్గురికీ తెలియదు. అందుకే ఆటగాడు తన తప్పును తానే గుర్తించి, తనకు తానే శిక్ష వేసుకోవాలని నియమాల పుస్తకం మొదటి నియమంలోనే చెప్పింది. ముద్దాయీ తానే, సాక్షీ తానే, తీర్పరీ తానే. ఏ న్యాయశాస్త్రమూ ఒప్పుకోని ఈ ఏర్పాటు మీద ఒక ఆట ఇన్నేళ్లు ఎలా నిలిచిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రాతపూర్వకంగా మనకు దొరుకుతున్న మొట్టమొదటి నియమావళి 1744 నాటిది. ఎడిన్‌బరో నగరం ఇచ్చిన వెండి క్లబ్బు (గోల్ఫ్ కర్ర) కోసం లీత్ మైదానంలో పోటీ పెట్టినప్పుడు అక్కడి ఆటగాళ్లు 13 నియమాలు రాసుకున్నారు. అందులో ఒకటి, బంతిని మనిషో గుర్రమో కుక్కో మరేదైనానో ఆపితే, ఆగినచోటినుంచే ఆడాలని చెబుతుంది. అంటే కుక్క అడ్డం రావడం మన దేశపు క్లబ్బులకే పట్టిన దుర్గతి కాదన్నమాట. ఇప్పుడు నియమాలను ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ అనే రెండు సంస్థలు కలిసి రూపొందిస్తున్నాయి. 2019లో పెద్ద సవరణ చేసి 34 నియమాలను 24కు కుదించారు, బంతి వెతికే గడువును అయిదు నిమిషాల నుంచి మూడుకు తగ్గించారు, డ్రాప్ చేసేటప్పుడు, అంటే బంతిని చేత్తో మరోచోట వదిలి ఆడాల్సినప్పుడు, దాన్ని భుజం ఎత్తునుంచి కాక మోకాలి ఎత్తునుంచి వదలమన్నారు. 2023లో మరికొన్ని మార్పులు వచ్చాయి. మన వాళ్లలో చాలామంది పాత పుస్తకం జ్ఞాపకంతో కొత్త ఆట ఆడుతుంటారు. కొన్ని తగవులకు అదొక కారణం, కాని అసలు కారణం అది కాదు.

అసలు కారణం మొహమాటం. కమిటీలో నేను విన్న ఫిర్యాదుల్లో, నియమం తెలియక వచ్చినవి తక్కువ. నియమం తెలిసి, తప్పు కళ్లారా చూసి, ఆ క్షణంలో నోరు మెదపకుండా ఊరుకుని, ఆట ముగిశాక టీ కప్పు చేతికొచ్చాక మూడో మనిషితో చెప్పినవే ఎక్కువ. 'పోనీలే అన్నా, పెద్దాయన' అని ఒకడూ, 'మనకెందుకు సామీ' అని ఇంకొకడూ ఊరుకుంటారు. ఆ ఊరుకోవడం మంచితనంలా కనిపిస్తుంది. అది మంచితనం కాదని నాకు తెలియజెప్పిన సంగతి నాదే కాబట్టి దాచకుండా చెబుతాను.

ఆ క్లబ్బులో నెలనెలా జరిగే స్ట్రోక్ ప్లే పోటీ, అంటే మొత్తం స్ట్రోకులు (దెబ్బలు) లెక్కపెట్టి, అందరిలో తక్కువ కొట్టినవాణ్ని గెలిపించేది. తొమ్మిదో హోలులో నా బంతి కుడిపక్క కంపల్లోకి పోయింది. నేనూ, నా స్కోరు కార్డు రాస్తున్న మిత్రుడూ, మా సంచులు మోసే ఇద్దరు క్యాడీలూ వెతకడం మొదలుపెట్టాం. వెతకడం మొదలైన క్షణం నుంచి మూడు నిమిషాలే గడువు. ఆ గడువు దాటాక క్యాడీ 'దొరికింది సార్' అని కేక వేశాడు. నేను గడియారం చూసుకున్నాను, నాలుగు నిమిషాలు దాటింది. నా మిత్రుడు కూడా తన గడియారం చూసుకున్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నేను ఆ బంతిని కొట్టాను. గడువు దాటిన బంతి పోయిన బంతే కాబట్టి, నియమం ప్రకారం నేను కొట్టింది నాది కాని బంతి. దానికి రెండు స్ట్రోకుల శిక్ష, పైగా వెనక్కి వెళ్లి సరిదిద్దుకోవాలి. సరిదిద్దుకోకుండా తరువాతి హోలు మొదలుపెడితే పోటీనుంచే తొలగింపు. సాయంత్రం నాకు మూడో బహుమతిగా ఒక స్టీలు ఫ్లాస్కు ఇచ్చారు. అది ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. మా ఆవిడ అందులో కాఫీ పోసిచ్చినప్పుడల్లా నాకు కంపచెట్లు గుర్తొస్తాయి.

ఆ రోజు నేను మోసం చేసింది నా మిత్రుణ్ని కాదు, అతనికి తెలుసు. ఎక్కడో వేరే గుంపులో, వేరే హోలులో ఒళ్లు దాచుకోకుండా ఆడి నాలుగో స్థానంలో నిలిచిన ఒక మనిషిని, అతని మొహమైనా సరిగ్గా తెలియకుండా మోసం చేశాను. స్ట్రోక్ ప్లేకూ, ఎదురెదురుగా ఆడి హోలు హోలుకూ గెలుపోటములు తేల్చే మ్యాచ్ ప్లేకూ ఉన్న ఈ తేడాను మన వాళ్లు పట్టించుకోరు. మ్యాచ్ ప్లేలో ఎదుటివాడి తప్పును చూసీ చూడనట్టు వదిలేసే హక్కు మీకుంది, ఎందుకంటే నష్టం మీ ఒక్కరిదే. అయితే ఇద్దరూ కూడబలుక్కుని, తెలిసిన నియమాన్ని పక్కన పెట్టకూడదు. తీర్పు అడగదలిస్తే తరువాతి హోలులో ఎవరైనా మొదటి దెబ్బ కొట్టకముందే అడగాలి. ఆ తరువాత టీ కప్పు దగ్గర ఎంత లా పాయింటు మాట్లాడినా కాలదోషం పట్టిన దావాయే. స్ట్రోక్ ప్లేలో వదిలేసే హక్కు మీకు లేదు. పోటీలో ఉన్న మిగతా అందరి తరఫునా మీరు అక్కడ కాపలా మనిషి. తప్పు జరిగిందని మీకు తెలిసినా, బలంగా అనుమానం కలిగినా ఆ ఆటగాడికో, అతని మార్కరుకో (కార్డు రాసేవాడికో), కమిటీకో చెప్పాలని, అదీ కార్డు అప్పగించేలోపే చెప్పాలని ఇరవయ్యో నియమం అంటుంది. మరీ తీవ్రమైన సందర్భంలో, చెప్పకుండా దాచినవాణ్ని కూడా కమిటీ తొలగించవచ్చు.

గిమ్మీల సంగతికి, అంటే కొట్టకుండానే హోలులో పడినట్టు ఒప్పుకునే దగ్గరి బంతుల సంగతికి వద్దాం, ఎందుకంటే మన ఆదివారపు తగవుల్లో పెద్ద వాటా వాటిదే. హోలుకు జానెడు దూరంలో బంతి ఆగితే, ఎదుటివాడు 'తీసేయ్ సామీ' అంటాడు. మ్యాచ్ ప్లేలో ఆ మాట చెల్లుతుంది. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడానికీ లేదు, ఇచ్చినదాన్ని వద్దనడానికీ లేదు. స్ట్రోక్ ప్లేలో ఆ మాటకు చిల్లిగవ్వ విలువ లేదు, బంతి హోలులో పడాల్సిందే. ఇంతవరకు అందరికీ తెలుసు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, మనవాళ్లు నోటితో చెప్పరు, తల ఊపుతారు. మన దక్షిణాది తల ఊపుడులో అవునుకూ, కాదుకూ, ఆలోచిస్తున్నానుకూ, నీ మాట వినబడిందికీ ఒకే ఊపు. ఒకాయన తల ఊపితే రెండో ఆయన బంతి తీసేశాడు. మొదటి ఆయన 'నేను ఇవ్వలేదే, ఈగ వాలితే తోలుకున్నాను' అన్నాడు. మీరు నవ్వుతున్నారు గాని, ఆ ఈగ కేసు మా కమిటీ ముందు గంటన్నర నడిచింది.

ఇదేమీ మనకే ప్రత్యేకమైన బలహీనత కాదు. 2015లో జర్మనీలో జరిగిన సోల్‌హైమ్ కప్‌లో, అమెరికా మహిళల జట్టుకు ఆడుతున్న ఆలిసన్ లీ పదిహేడో హోలులో, ప్రత్యర్థులు గ్రీన్ (హోలు చుట్టూ ఉండే నున్నని గడ్డి) వదిలి నడిచిపోతుంటే, హోలులోకి నెట్టే తన చిన్న దెబ్బను (పట్‌ను) ఇచ్చేశారనుకుని బంతి ఎత్తేసింది. యూరప్ తరఫున ఆడుతున్న సుజన్ పెటర్సన్, తాము ఇవ్వలేదని చెప్పింది. అప్పటి నియమం ప్రకారం ఆ హోలు అమెరికా ఓడింది, ఆ అమ్మాయి కన్నీళ్లు పెట్టుకుంది. నియమం పెటర్సన్ పక్షానే ఉంది, అయినా ఆమె ఆ తరువాత క్షమాపణ చెప్పింది. ఆ రోజు 6-10తో వెనకబడి ఉన్న అమెరికా జట్టు, విడివిడి మ్యాచ్‌లలో పుంజుకుని ఒక్క పాయింటు తేడాతో ఎదురు జట్టును దాటేసి కప్పు గెలిచింది. 2019 నియమాల్లో, ఇచ్చారని పొరబడడానికి సహేతుకమైన కారణం ఉంటే శిక్ష లేకుండా బంతిని తిరిగి పెట్టుకోవచ్చని చేర్చారు. కాబట్టి మన ఈగ కేసు ఇప్పుడు వచ్చి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. అయినా నేను అడిగేది ఒకటే: ఇస్తే నోటితో ఇవ్వండి, ఇవ్వకపోతే 'ఆడన్నా' అనండి.

నోటితో చెప్పాల్సిన మరో సంగతి ప్రొవిజనల్ బంతి. కొట్టినది పోయిందేమోనన్న అనుమానంతో ఇంకో బంతి కొట్టేముందు, అది ప్రొవిజనల్ అని స్పష్టంగా చెప్పాలి. 'ఇంకోటి కొడతా ఉండు' అని గొణిగి కొడితే, ఆ క్షణం నుంచి ఆ రెండో బంతే ఆటలో ఉన్న బంతి. మొదటిది ఫెయిర్‌వే (కత్తిరించిన గడ్డి దారి) మధ్యలో తళతళలాడుతూ దొరికినా దాన్ని ముట్టుకోవడానికి లేదు. అది ఇంగ్లీషు మాటలోనే చెప్పాలా అని ఒకాయన నన్ను అడిగారు. ఆ మాటే వాడనక్కర్లేదు, ఈ రెండో బంతి ముందు జాగ్రత్త కోసమేనని సందేహం లేకుండా తెలిస్తే చాలు. 'మొదటిది దొరక్కపోతే ఇది, దొరికితే అదే' అని తెలుగులో చెబితే ఏ కమిటీ అయినా ఒప్పుకుంటుందనే నా నమ్మకం.

క్యాడీల విషయం కొంచెం సున్నితమైనది. ముందే వెళ్లి బంతి పడే చోటు చూసే ఆగేవాలాలూ, క్యాడీలూ కాలి బొటనవేలితో బంతిని గడ్డి గుంటలోంచి ఇవతలికి జరుపుతారన్న కథలు మన దేశంలో ప్రతి క్లబ్బులోనూ ఉన్నాయి. అన్నీ నిజం కావు, అన్నీ అబద్ధమూ కావు. మీ క్యాడీ చేసిన పనికి మీదే బాధ్యత. వెతుకులాటలో పొరపాటున కాలు తగిలితే శిక్ష లేదు, బంతిని యథాస్థానంలో పెడితే చాలు. కావాలని జరిపితే ఒక స్ట్రోకు, బంతి వెనక్కి పెట్టాలి. పెట్టకుండా అక్కడినుంచే ఆడితే మొత్తం రెండు. ఇక్కడ ఆ కుర్రవాడి మీద కేకలేసి, బంతిని మాత్రం జరిగినచోటినుంచే హాయిగా ఆడే పెద్దమనుషులను నేను చూశాను. అది చూసినప్పుడు కలిగిన అసహ్యం ఇంకే నియమ భంగం చూసినా కలగలేదు.

ఇక కార్డు. నా క్లయింట్లలో, కోర్టు బోనులో ప్రమాణం చేసి నదురూ బెదురూ లేకుండా అబద్ధమాడే ఆసాములుండేవారు. అవతలి పక్షంవాడు 'అయితే కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?' అని అడిగేసరికి మాత్రం వాళ్ల గొంతు మారిపోయేది. వరసిద్ధి వినాయకుడి ఎదుట తలస్నానం చేసి నిలబడి అబద్ధమాడడానికి మన జిల్లాలో ఎవరికీ ధైర్యం చాలదు. గోల్ఫ్ కార్డు మీద సంతకానికి ఈ ఆట ఇచ్చిన స్థానం అటువంటిది. ఏ హోలుకైనా ఆడినదానికంటే తక్కువ రాసి సంతకం పెడితే తొలగింపు, ఎక్కువ రాసి పెడితే ఆ ఎక్కువే ఖాయం. 1968 మాస్టర్స్ టోర్నమెంటులో అర్జెంటీనాకు చెందిన రాబర్టో డి విసెంజో చివరి రోజు పదిహేడో హోలులో మూడు కొట్టాడు. మార్కరుగా ఉన్న టామీ ఆరన్ నాలుగు రాశాడు. విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టాడు. 65 కావలసినది 66 అయింది, బాబ్ గోల్‌బీతో సమానమై ప్లే-ఆఫ్ (విజేతను తేల్చే అదనపు ఆట) ఆడే అవకాశం పోయింది. ఆ రోజు విసెంజో 45వ పుట్టినరోజు. టీవీలో లక్షలమంది ఆ మూడును చూశారు, అయినా కార్డు మీద ఉన్న నాలుగే నిలిచింది. ఈ తీర్పు క్రూరమని అనేవాళ్లున్నారు. పత్రం మీద సంతకం ఉన్నాక నోటి సాక్ష్యం చెల్లదని ఏళ్ల తరబడి వాదించినవాణ్ని, నాకు అందులో క్రూరత్వం కనిపించదు.

దీనికి అవతలి వైపు 1925 యూఎస్ ఓపెన్. వూస్టర్‌లో మొదటి రౌండు ఆడుతుండగా రఫ్‌లో (పక్కనుండే పొడుగు గడ్డిలో) తన బంతి కదిలిందని బాబీ జోన్స్ తనకు తానే ఒక స్ట్రోకు వేసుకున్నాడు. ఆ కదలిక ఇంకెవరికీ కనబడలేదు. చివరికి విల్లీ మాక్‌ఫర్లేన్‌తో సమానమై, ప్లే-ఆఫ్‌లో ఓడిపోయాడు. ఆ ఒక్క స్ట్రోకు లేకపోతే ప్లే-ఆఫ్ అవసరమే ఉండేది కాదు. జోన్స్ అమెచ్యూర్ అని గుర్తు పెట్టుకోండి. డబ్బు కోసం ఆడేవాడు కాదు, మనలాగే మరో వృత్తికి చదువుకున్నవాడు. ఆ తరువాత న్యాయవాది కూడా అయ్యాడని చెప్పుకోవడానికి నాకు కొంచెం గర్వంగా ఉంటుంది.

హ్యాండిక్యాప్ గురించి, అంటే ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే రాయితీ స్ట్రోకుల గురించి, ఎక్కువ చెప్పను. 2020 నుంచి వచ్చిన పద్ధతిలో మీరు అప్పగించిన చివరి 20 కార్డుల్లో మంచివి 8 తీసుకుని లెక్క కడతారు. బాగా ఆడిన రోజు కార్డు జేబులో దాచుకుని, చెడిపోయిన రోజు మాత్రం పెట్టెలో వేసేవాడు ఏం చేస్తున్నాడో అందరికీ తెలుసు. ధాన్యం తూకంలో రాయి తరుగు తీసేవాడికీ అతనికీ నాకు తేడా తెలియదు. మర్యాదల జాబితా కూడా మీకు కొత్త కాదు: బంకరు ఇసుక సర్దడం, గ్రీన్ మీద బంతి పడ్డ గుంట పూడ్చడం, మనుషుల వైపు బంతి పోతే 'ఫోర్' అని గట్టిగా అరవడం, ఒక్కో దెబ్బకు నలభై సెకన్లు మించకపోవడం. ఒక్క విషయం మాత్రం మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఉచిత సలహా మనకు ఊపిరి లాంటిది. పోటీలో పక్కవాణ్ని 'ఏ ఐరన్ కొట్టావన్నా?' అని, అంటే ఏ నంబరు కర్ర వాడావని, అడిగితే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకులు. ఆయన ఆప్యాయంగా 'సెవెన్ కొట్టు నాయనా' అని చెబితే ఆయనకూ రెండు. జెండా దాకా ఎన్ని గజాలని అడగవచ్చు, అది అందరికీ తెలిసే సమాచారం కాబట్టి.

ఇప్పుడు బస్సు కేసు. ఇద్దరూ ఈ హాల్లోనే, మూడో వరసకు చెరో చివర కూర్చున్నారు. ఇద్దరి అనుమతితోనే మాట్లాడుతున్నాను. పేర్లు చెప్పను.

ఆ రోజు వీరిద్దరూ ఆడుకున్నది స్ట్రోక్ ప్లే. ఒకరి బంతి రఫ్ అంచున ఒక పెద్ద పుట్టను ఆనుకుని ఆగింది. పుట్టకు ఎవరో పసుపూ కుంకుమా పెట్టి ఉన్నారు. క్యాడీ చెప్పులు విడిచి దూరంగా నిలబడి, ముట్టుకోవద్దన్నాడు. ఆటగాడు, 'పుట్టన్నాక పాముంటాది, ప్రమాదకరమైన జంతువుంటే ఊరికే డ్రాప్ ఇస్తారు' అని బంతి తీసి పక్కన వదిలి ఆడేశాడు. ఆయన మార్కరు 'పామును నువ్వు చూసినావా?' అని మనసులో అనుకుని, పైకి మాత్రం ఏమీ అనలేదు. పద్దెనిమిదో గ్రీన్ దగ్గర కార్డు మీద సంతకం కూడా పెట్టాడు. పెట్టాక, టిఫిను బల్ల దగ్గర అందరి ముందూ అన్నాడు.

చీమలు పెట్టిన పుట్టలు పాములకిరవు అని మన సామెత. గోల్ఫ్ పుస్తకం ఆ సామెతను సరిగ్గా మధ్యకు చీల్చి రెండు నియమాల్లో పెట్టింది. చీమల వంటి పురుగులు పెట్టిన మట్టిదిబ్బ పదిహేనో నియమం కింద వదులుగా ఉన్న అడ్డంకి. తొలగించగలిగితే శిక్ష లేకుండా తొలగించుకోవచ్చు, తొలగిస్తుండగా బంతి కదిలితే మాత్రం ఒక స్ట్రోకు. పాము పదహారో నియమం కిందికి వస్తుంది. విషసర్పమో, కుట్టే తేనెటీగలో బంతి దగ్గర ఉండి ఒంటికి తీవ్రమైన హాని కలిగేలా ఉంటే ఉచితంగా డ్రాప్ ఉంది. కాని ఆ నియమం అక్కడ ఉన్న జంతువు గురించి చెబుతుంది, ఉండవచ్చునన్న ఊహ గురించి కాదు. పడగ కనబడాలి, బుస వినబడాలి, కనీసం పుట్టలోకి పోతున్న తోకనైనా ఎవరో ఒకరు చూసి ఉండాలి. రాయిలా గట్టిపడిన పుట్టలున్న మైదానాల్లో వాటిని మరమ్మతులో ఉన్న నేలగా పరిగణించి ఉచిత డ్రాప్ ఇచ్చేలా కమిటీ స్థానిక నియమం పెట్టుకోవచ్చు. అక్కడి కార్డు వెనక అటువంటి నియమం ఏదీ లేదని నేను చదివి చూసుకున్నాను. కాబట్టి ఆయన ముందున్న దారులు రెండే: ఉన్నచోటినుంచి ఆడడం, లేదా ఆడలేనని ప్రకటించి ఒక స్ట్రోకు శిక్షతో డ్రాప్ తీసుకోవడం. పుట్ట మీద భక్తి ఉన్నవాడికి ఆ ఒక్క స్ట్రోకు దక్షిణ అనుకుంటే సరిపోయేది. ఊరికే డ్రాప్ చేసి ఆడినందువల్ల అది తప్పుడు చోటినుంచి ఆడడమైంది. రెండు స్ట్రోకులు.

మార్కరుగారి మాటేమిటి? స్కోరు తప్పని తెలిసీ సంతకం పెట్టిన మార్కరును తొలగించాలని నియమం చెబుతోంది. అది స్నేహితుల పందెమే గాని క్లబ్బు పోటీ కాదు కాబట్టి ఆ తీర్పు ఎవరూ ఇవ్వలేదు, నేనూ ఇవ్వను. కాని పుట్ట దగ్గరే ఆయన నోరు తెరిచి ఉంటే, వాళ్లకు చక్కని దారి ఒకటుంది. స్ట్రోక్ ప్లేలో నియమం తెలియక సందేహం వస్తే, రెండు బంతులతో ఆ హోలు ముగించవచ్చు. ఒకటి పుట్ట పక్కనుంచి, రెండోది డ్రాప్ చేసినచోటినుంచి. నియమం ఒప్పుకుంటే ఏ బంతి లెక్కలోకి రావాలో కొట్టకముందే మార్కరుకు చెప్పాలి. చెప్పకపోతే మొదట కొట్టిన బంతే లెక్క. ఆట ముగిశాక, రెండింటి స్కోరూ ఒకటే అయినా సరే, జరిగినది కమిటీకి చెప్పి తీరాలి, లేకపోతే తొలగింపు. దీనికి మహా అయితే అయిదు నిమిషాలు అదనంగా పడుతుంది. చెన్నై నుంచి తిరుపతికి బస్సులో ఎంతసేపు పడుతుందో వారిద్దరికీ నాకంటే బాగా తెలుసు.

బంతిని మోకాలి ఎత్తునుంచి ఎలా వదలాలో చూపించమని అధ్యక్షులు చీటీ పంపారు, ఆ పని కిందికి దిగి చేస్తాను. అంతలో ప్రశ్నలు అడగండి. మూడో వరసలో రెండు చేతులూ ఒకేసారి లేచాయి. ముందు మార్కరుగారు చెప్పండి. ఈసారి మొహమాటపడకండి.